డకోటా గడియారం

"గేటు మూసెయ్యండి! గడియారం దొరికేదాకా ఎవరూ షెడ్డు దాటి కదలడానికి లేదు!"

మణిదీప్ కేక వినగానే పైడితల్లి మూడు గిన్నెల కేరియర్‌ని పొట్టకి అదుముకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ఇంకొక్క అడుగు వేసుంటే బైట పడిపోయేది.

అరకు శివార్లలో కొత్తగా కడుతున్న విమానాల మ్యూజియం అది. షెడ్డు మధ్యలో ముక్కు పైకెత్తుకుని నిలబడ్డ పాత డకోటా విమానం. తుప్పు ముద్దలా వచ్చిన దాన్ని జీతం బత్తెం లేకుండా, ఇష్టం కొద్దీ బాగుచేస్తున్న నలుగురిలో పైడితల్లి కూతురు మౌనిక ఒకతె, మణిదీప్ ఇంకొకడు. ఆదివారం ప్రారంభోత్సవం. పైలట్ ముందుండే గడియారం ఒక్కటి బిగిస్తే పని పూర్తి. అందరూ అన్నాలు తిని, చేతులు కడుక్కుని వచ్చేసరికి గుడ్డమీద పెట్టిన గడియారం లేదు.

అది పైడితల్లి కేరియర్‌లో, అడుగు గిన్నెలో ఉంది.

విమానాల సంగతి ఆమెకేం తెలుసు? పని అయిపోతే సోమవారం రైలెక్కి మౌనిక ఇంకో విమానాన్ని బాగుచెయ్యడానికి జోధ్‌పూర్ వెళ్ళిపోతుందని మాత్రం తెలుసు. అక్కడ ఇసుక గాలులట. తేళ్ళట. తన గుంట నిద్దట్లో దుప్పటి తన్నేస్తుంది, ఎవరు కప్పుతారు? జొరమొస్తే ఏ భాషలో చెప్పుకుంటుంది?

"సంచులు తీయండి. ముందు నాదే చూడండి," అని మణిదీప్ తన సంచిని బోర్లించాడు. స్పానర్లు, బిస్కెట్ పొట్లం, మాసిన తువ్వాలు. తర్వాత మిగతావాళ్ళవి. తర్వాత మౌనికది. ఎక్కడా లేదు.

"ఇంక ఆంటీ కేరియర్," అన్నాడు నసుగుతూ.

"ఏటి? మా అమ్మ కేరియరా?" మౌనిక నడుం మీద చెయ్యేసుకుంది. "ఇన్నాళ్ళూ సేపల పులుసు జుర్రుకుని తాగినప్పుడు దొంగలాగ అవుపడలేదేటి మా అమ్మ?"

"అది కాదు మౌనికా, అందరివీ చూసినప్పుడు..."

"సూడు! బాగా సూడు! అమ్మా, ఇటియ్యి. మూత తీసి ఈడి మొహాన పెడితే మళ్ళీ నోరెత్తడు."

పైడితల్లి కళ్ళముందు పోలీసు జీపు వచ్చి ఆగింది. సంతలో జనం వేలు పెట్టి చూపించారు. పేపర్లో ఫొటో పడింది. తనని జైల్లో పెడితే పెట్టనీ. దొంగదాని కూతురని గుంటని ఇంక ఏ విమానం దగ్గరకీ రానివ్వకపోతే? తిండి మానమంటే మానుతుంది గానీ ఈ పని మానమంటే బతుకుతుందా?

"ఎంగిలి గిన్నెలే... కంపు కొడతాయి... ఇంటికెళ్ళి తోముకోవాల," అంది.

"నేను చూస్తాలే," అన్నాడు జగన్నాథరావు.

వీళ్ళందరికీ పెద్ద ఆయనే. ఎయిర్‌ఫోర్సులో పనిచేసి రిటైరైనవాడు. అంతసేపూ విమానం పొట్టమీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు, పిల్లకి జొరం చూసే తల్లిలాగ. వచ్చి కేరియర్ అందుకున్నాడు. పై గిన్నె చూశాడు. నడిమి గిన్నె చూశాడు. అడుగు గిన్నె మూత సగం ఎత్తి ఆగాడు.

పైడితల్లి కళ్ళు మూసుకుంది.

మూత పడింది. క్లిప్పు టక్కుమంది.

"చేపముళ్ళున్నాయి. కావాలేమిటోయ్ మణిదీప్?"

అందరూ గొల్లున నవ్వారు. మణిదీప్ చెవులు ఎర్రబడ్డాయి. "సారీ ఆంటీ," అని ఫోన్ తీశాడు. "సార్, బెంగళూరులో ఒకాయన దగ్గర ఇలాంటి గడియారాలే ఉన్నాయి. ఇప్పుడు చెబితే వారంలో వచ్చేస్తుంది. ప్రారంభం వచ్చే ఆదివారానికి జరుపుదాం."

"చెప్పు," అన్నాడు జగన్నాథరావు.

"పోన్లెండి సార్," అంది మౌనిక, "ఇంకో వారం దీన్ని ముట్టుకోవచ్చు. జనం రావడం మొదలైతే సుట్టూ తాడు కట్టేత్తారు. మనమైనా దూరంనుంచి సూడాల్సిందే."

ఆయన విమానం లోపలికెక్కి, కాసేపటికి దిగివచ్చాడు.

వారం, అనుకుంది పైడితల్లి. గుంట జడలో ఆ గ్రీజు పోయేలా ఒకసారి తలంటు పొయ్యచ్చు. రాత్రులు పక్కన పడుకుని ఊపిరి వినచ్చు. వారమంటే ఎంత? కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది.

"అమ్మా, బేగి ఎల్లు. మంచు దిగిపోతంది, జారిపడతావు," అని మౌనిక మళ్ళీ రెక్క మీదికెక్కింది.

కేరియర్ పట్టుకుని జగన్నాథరావు గేటుదాకా వచ్చాడు. మంచులో షెడ్డు మసకబారింది. పైడితల్లి ఇంక ఆగలేకపోయింది.

"బాబూ, నానే తీసీసేను! మీకు దణ్ణం పెడతాను, గుంటకి సెప్పకండి. దానికి తెలిస్తే నా మొకం సూడదు. ఇంకొన్నాళ్ళు కళ్ళముందుంటాదని... ఇదిగో, తీసుకెళ్ళిపోండి బాబూ," అంటూ కేరియర్ క్లిప్పు లాగబోయింది.

ఆయన ఆమె చేతిని పక్కకి తప్పించాడు. వెనక్కి తిరిగి షెడ్డులో విమానంకేసి చూశాడు, అప్పుడే తాడు అవతల నిలబడ్డవాడిలా. జేబులోంచి నూనెగుడ్డ మూట తీసి విప్పాడు. పొద్దున్నే మౌనిక తళతళా తోమి బిగించిన మీట. విమానం చక్రాలు పైకి లాగేది. దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి, నడిమి గిన్నెలో పెట్టి, కేరియర్ ఆమె చేతికిచ్చాడు.

"గడియారం వారంలో వచ్చేస్తుందమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "దీన్ని జాగ్రత్తగా దాచు. ఇది ఈ దేశంలో ఇంకెక్కడా దొరకదు."