మోటార్లు తిరగని దారులు

తలుపును తుపాకీ మడమతో బాదుతున్నారు. ఈశ్వరయ్య పప్పుగరిటె చేతిలో ఉండగానే హాల్లోకి పరిగెత్తాడు. కాలిన్స్ దొర ఇంకా సైకిలు తొక్కుతూనే ఉన్నాడు.

“దిగు దొరా, దిగు! వచ్చినారు!”

దొరకు తెలుగు రాదుగానీ, ఈ రెండు నెలల్లో ఆ ఒక్క మాటా బాగా వచ్చేసింది. ఆరడుగుల మనిషి చప్పుడు లేకుండా స్నానాల గదిలోకి వెళ్ళి, స్టూలెక్కి, పైనున్న అటకలోకి దూరాడు. ఈశ్వరయ్య స్టూలు తెచ్చి వంటింట్లో పడేశాడు.

ఇరాక్ సైన్యం కువైట్‌ను పట్టుకున్నప్పటి నుంచీ తెల్లవాళ్ళు కనిపిస్తే చాలు ఎత్తుకుపోతున్నారు. దాచినవాడికి ఉరేనని రేడియోలో చెప్పారు. తనతో పాటు పనికొచ్చిన కడప వాళ్ళంతా బస్సులెక్కి జోర్డాన్ దారి పట్టారు. తొమ్మిదేళ్ళు ఉప్పు తిన్న దొర ఇంటిని వదల్లేక ఈశ్వరయ్య ఒక్కడే బ్నీద్ అల్ గార్‌లోని ఈ ఫ్లాటులో ఉండిపోయాడు. ఉండిపోయినందుకు రోజుకు పదిసార్లు తనను తానే తిట్టుకుంటున్నాడు.

దానికితోడు ఈ సైకిలొకటి. కదలకుండా ఇనప స్టాండుకు బిగించి, ముందు ఒక పుస్తకం పెట్టుకుని తొక్కుతాడు దొర. ఇంగ్లండు పల్లెల్లో మోటార్లు తిరగని సైకిలు దారులన్నీ అందులో ఉన్నాయట. రోజుకొక దారి. బయట ట్యాంకులు తిరుగుతుంటే లోపల దొర యాపిల్ తోటల పక్కన తిరిగొస్తున్నాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

ఈశ్వరయ్య తలుపు తీశాడు. ఒక సైనికుడు లోపలికొచ్చాడు. వాడి ఆఫీసరు మెట్ల మీదే నిలబడి, “త్వరగా!” అని అరిచాడు.

“హిందీ?” అన్నాడు సైనికుడు, నువ్వు ఇండియావాడివేనా అన్నట్టు.

“హిందీ సార్. వంట మనిషిని.”

“నీ కఫీల్ ఎక్కడ? నిన్ను పనిలో పెట్టుకున్న యజమాని?”

“కఫీల్ సఫర్ సార్. జులైలోనే లండన్ పాయ. ఖలాస్.”

సైనికుడికి నలభై ఏళ్ళుంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూడంతస్తులు ఎక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. పడకగది చూశాడు, మంచం కింద చూశాడు. స్నానాల గదిలోకి వెళ్ళి, సరిగ్గా ఆ అటక కిందే నిలబడి, కుళాయి తిప్పి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. ఈశ్వరయ్య పైప్రాణాలు పైనే పోయాయి.

బయటికొచ్చి సైకిలు దగ్గర ఆగాడు. హ్యాండిలు మీద చెయ్యి వేసి, అరచేయి చూసుకున్నాడు. తడి.

“ఎవరు తొక్కుతున్నారు?”

“నేనే సార్.”

“ఏదీ, తొక్కు.”

ఈశ్వరయ్య సీటెక్కాడు. కాళ్ళు గాల్లో వేలాడాయి, పెడలు ఎక్కడో పాతాళంలో ఉంది. ఈ పొట్టి కాళ్ళే తన మెడకు ఉరితాడు తెచ్చాయనుకున్నాడు. కానీ భయంలో ఒక్కోసారి బుద్ధి భలే పనిచేస్తుంది. కిందికి దిగి, కమ్మీ కింద నుంచి కుడికాలు దూర్చి, చిన్నప్పుడు అద్దె సైకిలు మీద నేర్చిన అడ్డతొక్కుడు మొదలుపెట్టాడు. యాభై ఏళ్ళ మనిషి, లుంగీ ఎగ్గట్టి, సైకిలు పక్కకు వేలాడుతూ ఎగిరెగిరి తొక్కాడు. చక్రం గిర్రున తిరిగింది.

“మా పక్క అంతా ఇట్లే తొక్కుతాం సార్,” అన్నాడు రొప్పుతూ.

సైనికుడు నవ్వేశాడు. ఆ నవ్వు వాడికే కొత్తగా ఉన్నట్టుంది. “మా బస్రాలోనూ పిల్లలు ఇట్లాగే తొక్కుతారు. చాల్లే, దిగు.”

దిగి గోడకు ఆనుకున్నాడు ఈశ్వరయ్య. తెల్లారుజామునే రొట్టెల వరసలో నిలబడిన కాళ్ళు, ఇప్పుడీ తొక్కుడు. ఈ క్షణాన పట్టుకుపోతే పోనీ, ఎక్కడో ఒకచోట కాసేపు కూర్చోనిస్తారు అనిపించింది.

సైనికుడు పుస్తకం తీసుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పాడు. పచ్చటి కంచెలు, సన్నటి దారి, ఒక గొర్రెల మంద.

“ఒక్క బండీ లేదే!”

“ల్యాదు సార్. బండ్లు పోని దార్లంట అవి. తొక్కేటప్పుడు బొమ్మలు చూస్తాంటా. నాకు సదువు రాదు.”

“అదృష్టవంతులు, ఆ దారుల్లో తిరిగేవాళ్ళు,” అన్నాడు సైనికుడు. ఇంకో రెండు పేజీలు తిప్పి, దొర పెన్సిలుతో ఏదో గీసుకున్న పేజీ ఒకటి చూస్తూ ఉండిపోయాడు.

“ఏమైంది అక్కడ?” మెట్ల మీది నుంచి ఆఫీసరు గొంతు.

“ఎవరూ లేరు సార్! హిందీవాడొక్కడే!” అని అరుస్తూనే సైనికుడు ఆ పేజీని చింపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాపం, బొమ్మ నచ్చినట్టుంది అనుకున్నాడు ఈశ్వరయ్య. పుస్తకమంతా ఇమ్మన్నా ఇచ్చేసేవాడే.

సైనికుడు తుపాకీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, మెట్ల మీదికి వినపడనంత మెల్లగా అన్నాడు.

“చైనుకు కాస్త నూనె వేయి, మోత వీధిలోకి వినిపిస్తోంది. పుస్తకంలో రోజూ తేదీలు వేయొద్దను, ఇవాళ్టి తేదీ ఉన్న పేజీ నేను చింపేశాను. రేపటి దారి కొండెక్కుతుందని రాసి ఉంది, నిదానంగా తొక్కమని ఆ అటక మీదాయనకు చెప్పు.”