ఎడమ నుంచి చదివినోడు

శివశంకర్ మైకు ఇంకా కింద పెట్టనే లేదు, వెనక వరుసలో ఒకామె లేచి నిలబడింది.

వనపర్తిలో ఒక కోచింగ్ సెంటర్ గది అది. అనిమే పిచ్చి ఉన్న పాలమూరు పిల్లలంతా ఒకచోట కూడాలని ఆ సభ పెట్టింది శివశంకరే. ఆ జపాను బొమ్మల సీరియళ్ల మీద గానీ, వాటికి మూలమైన మాంగా పుస్తకాల మీద గానీ ఇక్కడ ఎవరికి అనుమానం వచ్చినా అతను నడిపే 'గద్వాల శంకరన్న' యూట్యూబ్ ఛానల్ చూడాల్సిందే. ఆ పేరు కోసం డిగ్రీని గాలికొదిలేసిన మనిషి.

ఆ రోజు తీర్పు 'కాకిరెక్క' మీద. సీరియల్ బంగారం, పుస్తకం చెత్త అని తేల్చేశాడు.

సీరియల్ బంగారం కావడానికి సగం కారణం తొషి గొంతు. తొషి అంటే అందులో హీరో, మీసాలు రాని పిల్లగాడు. తెలుగు డబ్బింగులో మన తెలంగాణ యాస ఇన్నాళ్లూ రౌడీకి పెట్టారు, తాగుబోతుకు పెట్టారు. హీరో నోట్లో పెట్టడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. మొదటిసారి తొషి నోట వినబడింది. "జర ఆగు, నేనొస్త" అని తొషి అన్నప్పుడు శివశంకర్ నిజంగానే ఏడ్చాడు. ఆ గొంతు ఎవడిదో గానీ వాడి కాళ్లు మొక్కుతానని సభలోనే చెప్పాడు.

ఇక పుస్తకం. సీరియల్లో తొషి వాళ్లన్నను శత్రువులు చంపుతారు, తొషి పగ పడతాడు. పుస్తకంలో అన్నను తొషే పొడుస్తాడట.

"సొంత అన్నను సంపినోనికి పగ ఏంది?" అన్నాడు. చప్పట్లు మోగాయి.

అప్పుడే లేచింది ఆమె. బుర్ఖాలో ఉంది, ముఖం మీద ముసుగు లేదు, ముప్పై దాటి ఉంటాయి. జలుబుతో గొంతు బొంగురుపోయింది.

"పేజీల బొమ్మలు ఎటు నుంచి సదివినవ్ తమ్మీ?"

ఎటు నుంచి ఏంది, లోకమంతా చదివినట్టే ఎడమ నుంచి, అన్నాడు.

"అవి మా ఉర్దూ లెక్క, కుడి నుంచి సదవాలె. కుడి బొమ్మల అన్న పోటు తిని పడ్డడు. ఎడమ బొమ్మల తొషి ఆ కత్తి గుంజి పట్టుకున్నడు. నువ్వు తిప్పి సదివి, పాపం పిల్లగాని మీద ఖూనీ కేసు పెట్టినవ్."

గది గదంతా నవ్వింది. ఫోన్లో పేజీలు వాటంతటవే వరుసగా వస్తాయి గనుక ఒక్కో పేజీలో బొమ్మల్ని తిప్పి చదువుతున్నానని ఇన్నాళ్లూ అతనికి తెలియనే లేదు.

"పరేషాన్ గాకు. నేను గూడ సిన్నప్పుడు తెలుగు వాచకం ఎనక నుంచి తెరిసిన. సారు చెప్తే దిద్దుకున్న" అంది ఆమె.

ఆమె ఓదార్చింది. అతనికి అదీ వెక్కిరింపే అయింది.

ఎవడో ఆ ముక్క వీడియో తీసి వదిలాడు. ఇక శివశంకర్ ఏ వీడియో పెట్టినా కింద ఒకటే మాట, ఇది ఎటు నుంచి చూడాలన్నా, అని. తప్పయింది అంటే ఆ పూటతో పోయేది. అనలేదు. పేరు పోయింది, పోగొట్టినదాన్ని ఊరికే వదలకూడదు అనుకున్నాడు.

సభ ఫొటోలోంచి ఆమె ముఖం కత్తిరించి తీసుకున్నాడు. ఆ ముఖం పక్కన, మన అనిమేలో బుర్ఖాకు ఏం పని అని పెద్ద అక్షరాలతో వీడియో పెట్టాడు. ఆమె మాటల్లో ఓదార్పు ముక్క కోసేసి, నవ్వుల ముక్క ఉంచాడు. అభిమానులు ఉన్నది అందుకే. పేరు తెలియకపోయినా మనిషిని పట్టేశారు. వారం వారం నాగర్‌కర్నూల్ బస్టాండులో హైదరాబాద్ బస్సు ఎక్కుతుందని పెట్టారు. ఒంటరిగా పట్నానికి ఏం పని మీద పోతుందో తలా ఒక కూత కూశారు. బస్సు కిటికీ దగ్గర నిలబడి, లెఫ్టా రైటా ఆంటీ, అని అరిచి ఆ వీడియోలు కూడా అతనికే పంపారు.

శివశంకర్ ఒక్కో కూతకూ గుండె బొమ్మ కొట్టుకుంటూ పోయాడు.

కొన్నాళ్లకు అతని దోస్తు వినయ్ ఫోన్ చేశాడు. "ఆమె బస్సెక్కుడే బంద్ చేసిందంటనే. ఇగ సాలియ్యరాదు."

"గట్లుండాలె" అన్నాడు శివశంకర్. ఆ రోజు కడుపు నిండా తిన్నాడు.

'కాకిరెక్క' రెండో భాగం వచ్చింది.

తొషి నోరు తెరిచాడు. వేరే గొంతు. కాస్త ఆగండి, వస్తున్నాను, అంటున్నాడు.

శివశంకర్‌కు ఒళ్లు మండిపోయింది. మన మాట మాట్లాడిన ఒక్క హీరో గొంతూ నులిమేశారు. తీసేసినవాడు ఎవడైనా సరే, నలుగురిలో నవ్వులపాలు చేసి తీరాలి. డబ్బింగ్ స్టూడియో నంబరు సంపాదించి, రికార్డింగ్ ఆన్ చేసి, మేనేజర్‌ను గట్టిగానే నిలదీశాడు.

"మేం తీయలేదండి. ఆవిడే మానేశారు" అన్నాడు మేనేజర్.

"ఆవిడ ఎవరు సార్? నేనడిగేది తొషి గురించి."

"తొషి గురించే చెప్తున్నానండి. చిన్నపిల్లల గొంతు చాలావరకు ఆడవాళ్లే చెప్తారు. ఆ యాస ఉండాల్సిందేనని మాతో కొట్లాడి సాధించింది కూడా ఆవిడే. మీ వైపు ఆవిడే, సాబిరా. ఎవడో బాగా ఏడిపించాడట, ఇక రానన్నారు."

"ఎవడు వాడు? జర ఊరన్న చెప్పుండ్రి సార్, నేను ఒదల వాన్ని."

"ఊరూ పేరూ చెప్పలేదండి, మాంగా కుడి నుంచి చదవాలి తమ్మీ అన్నందుకట."