వినిపించని గిటార్

"మాస్టారూ, నేను మానేస్తున్నాను," అంది హిసాయే, భుజం మీది గిటార్ సంచీ దించకుండానే.

కమాతా మాస్టారు స్టేజి పక్కన గొంతుక్కూర్చుని వైర్లు కలుపుతున్నాడు. ఇంకో గంటలో మా బజారువీధి ఉత్సవంలో కొట్లవాళ్ళ బృందం వాయించాలి. బృందమంటే మరేం లేదు, డ్రమ్ముల మీద మాస్టారు, ముందు వరసలో మూడు గిటార్లు. ముల్లంగి ఊరగాయలమ్మే హిసాయే, మంగలిషాపు తోకుజి, మందులషాపులో పనిచేసే నగిసా. ముగ్గురూ పోయిన ఏడాది ఒకేసారి గిటార్ పట్టినవాళ్ళే. అయినా ఆ ఇద్దరికీ వచ్చేసిందనీ, తనొక్కతే వెనకబడిపోయిందనీ హిసాయే నమ్మకం.

ఏమైందని అడిగాడు మాస్టారు, తల ఎత్తకుండా.

ఏమవుతుంది, కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే ఆ ఎఫ్ కార్డు. చూపుడువేలు అడ్డంగా వేసి ఆరు తీగలూ ఒక్కసారే నొక్కాలి. నొక్కితే మోగదు. మోగేదాకా నొక్కుతూ కూర్చుంటే పాట వెళ్ళిపోతుంది. ఇంట్లో అయితే తప్పు పోయినచోట ఆగి మళ్ళీ మొదటినుంచి అందుకుంటుంది. అలా అందుకుని అందుకుని పాట మొదటి సగం నిద్రలో లేపినా వాయించగలదు. రెండో సగం మొహం చూసింది తక్కువ. అందరూ కలిసి కూర్చున్నప్పుడూ అదే వరస. ఒకరు ఆగితే ముగ్గురూ ఆగిపోయి, ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకునేవారు. సగం టైము వాటికే సరిపోయేది.

"నాకు రాకపోతే నా తిప్పలేవో నేను పడతాను," అంది హిసాయే. "నా వల్ల ఆ ఇద్దరూ నలుగురిలో తలవంచుకుంటే, రేపు వాళ్ళ మొహం ఎలా చూడను?"

ఆశ లేక కాదు. బుధవారం కొట్టు మూసి వాళ్ళతో కూర్చునే ఆ రెండు గంటల కోసమే ఆవిడ వారమంతా ముల్లంగి తరుగుతుంది. అది పోతుందంటే ఏడుపొస్తోంది. కానీ మా వీధి సంగతి మీకు తెలీదు. మా చెట్టు ఆకు పక్కింటి ముందు రాలితే, చెట్టు తరఫున వెళ్ళి క్షమించమని అడిగొచ్చే రకం మేము.

మనిషి రాకపోతే స్టేజి మీద మధ్య కుర్చీ బోసిగా కనబడుతుందనీ, అదీ మిగతా ఇద్దరికీ ఇబ్బందేననీ అన్నాడు మాస్టారు. ఆ మాట బాగా పనిచేసింది. హిసాయే అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అయితే ఒక్క సాయం చేయండి. నా గిటార్ ఆ పెద్ద స్పీకర్లకి కలపకండి. నా పక్కనున్న చిన్న స్పీకరు పెట్టె నాకు వినబడితే చాలు. జనం కోసం ఊరికే చేతులాడిస్తాను. వాళ్ళిద్దరికీ మాత్రం చెప్పకండి, బాధపడతారు."

మాస్టారు చేతిలోని వైరు వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. మెల్లగా తల ఊపాడు.

పాట మొదలైంది. తన తప్పు ఎవరికీ వినబడదని తెలిశాక హిసాయే వేళ్ళు తేలికపడ్డాయి. ఎఫ్ వచ్చింది, తప్పింది. అలవాటుగా ఆగబోయింది గానీ, ఈసారి ఎవరూ ఆగలేదు. పక్కన తోకుజి సాగిపోతున్నాడు, వెనక డ్రమ్ము మోగుతూనే ఉంది. పోయింది పోనీ అని ఆ ఒక్కటీ వదిలేసి తర్వాతి దెబ్బకి వాళ్ళతో కలిసింది. రెండోసారి నగిసా చేతిని చూస్తూ నొక్కింది. సగం మోగింది. నగిసా మాత్రం ఎందుకో తోకుజి చేతినే చూస్తోంది. మూడోసారి ఎఫ్ నిండుగా మోగింది. ఎన్నడూ సరిగా ఎరగని ఆ రెండో సగం, వాళ్ళతోపాటే పోతూ పోతూ చివరిదాకా వాయించేసింది.

చప్పట్లు ఒక పట్టాన ఆగలేదు. బంగాళదుంప కట్లెట్లమ్మే ముసలావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, మూడు గిటార్లూ కలిస్తే ఇంత బాగుంటుందని తనకి తెలీదని చెప్పి వెళ్ళింది.

స్టేజి వెనక ముగ్గురూ బార్లీ టీ పోసుకున్నారు. మాస్టారు వీళ్ళ వైపు రాకుండా, ఈల వేసుకుంటూ వైర్లు చుట్టుకుంటున్నాడు. హిసాయే తన కప్పు ముట్టుకోలేదు. తనది కాని మెప్పు పుచ్చుకున్నట్టు సిగ్గేసింది.

"ఆ చప్పట్లు మీ ఇద్దరివే," అంది చివరికి. "నా గిటార్ బయటికి వినబడలేదు. కలపొద్దని నేనే మాస్టారిని అడిగాను. క్షమించండి."

తోకుజి కప్పు కింద పెట్టాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మీదీనా? పొద్దున మాస్టారికి గడ్డం గీస్తూ నేనూ అదే అడిగాను. కత్తి గొంతు మీదుంది కాబట్టి ఒప్పుకున్నాడనుకున్నా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత లేచి నిలబడి, నగిసా ముందు నడుం వంచి నమస్కరించారు.

"అయితే జనం విన్నదంతా నీ ఒక్కదాని గిటారేనన్నమాట, అమ్మాయ్," అన్నాడు తోకుజి.

నగిసా వాళ్ళకన్నా కిందికి వంగింది. ఎంతకీ తల ఎత్తలేదు.

"నేను నిన్న సాయంత్రమే వెళ్ళి అడిగానండీ."

అవతల మాస్టారు ఈల ఆపకుండా, పెద్ద స్పీకర్లనుంచి మూడో గిటార్ వైరు ఊడదీస్తున్నాడు.