జలపాతం చూడవచ్చిన ఆఫీసరు

వేప్పనపల్లి దాటాక మా కొండ మీద ఉన్న జలపాతం చూడటానికి మద్రాసు నుంచి ఆఫీసరు వచ్చాడు. ఆయనకు అది నచ్చితే ఊరు అడిగింది ఇస్తారట. మా ఊరికి కావలసింది బావి.

ఎండాకాలం కావడంతో జలపాతంలో చుక్క లేదు. అందుకని ఆడవాళ్లందరూ ఇళ్లలో తాగడానికి దాచుకున్న నీళ్లను కడవలతో కొండపైకి మోసి, బండ చాటున కూర్చున్నారు. కింద ఆఫీసరు పక్కనున్న మా ఊరి పెద్ద నాగేశప్ప తువ్వాలు ఊపగానే పైన సుబ్బక్క మొదటి కడవ వంచింది. మిగిలినవాళ్లు వరుసగా అందుకున్నారు.

జలపాతం దూకింది. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు.

"మీ ఊరికేం కావాలయ్యా?"

"బావి కావాల సామీ," అన్నాడు నాగేశప్ప.

"ఇన్ని నీళ్లు పెట్టుకుని బావి ఎందుకు?"

ఆఫీసరు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుతోనే చొక్కా విప్పి, జీపులోంచి సబ్బు తెప్పించుకుని ధార కింద నిలబడ్డాడు.

తల, మొహం నురగతో నిండగానే జలపాతం ఆగిపోయింది.

"నీళ్లేవయ్యా? కళ్లు మండుతున్నాయి!"

నాగేశప్ప కొండపైకి చూశాడు. జలపాతమే సుబ్బక్క గొంతుతో జవాబు చెప్పింది.

"బావి ఇస్తానని చెప్పు సామీ. ఈడ ఇంగొక్క కడవ ఉండాది."