చిరుత సినిమాలో నానమ్మ గొంతు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆరుగురు. మంచం మీద నానమ్మ, ఆమె కాళ్ల దగ్గర అత్త, కిటికీ దగ్గర నాన్న, ఆసుపత్రికి సంచి సర్దుతూ అమ్మ, టీవీ ముందు అన్నయ్య, గోడకు ఆనుకుని ఇంట్లోకెల్లా చిన్నపిల్ల పిట్ట. అందరూ నానమ్మను మాట్లాడించాలనే చూస్తున్నారు. నానమ్మ నోరు విప్పడం లేదు.

మరునాడు పొద్దున ఆపరేషన్. గొంతులో గడ్డ ముదిరింది, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు డాక్టరు. ప్రాణానికి భయం లేదన్నాడు. మాట మాత్రం ఇక రాదు.

అందుకే పిట్ట చేతిలో ఫోను. నానమ్మ గొంతు రికార్డు చేసి దాచుకోవాలన్న ఆలోచన ఆమెదే. ఫోను చూడగానే నానమ్మ మూతి బిగించింది.

"ఒక్క మాటమ్మా," అన్నాడు నాన్న. "నా పేరు పెట్టి పిలువు. చాలు."

"చిన్నప్పుడు గొంతు చించుకుని పిలిచినా పలికేవాడివి కాదు. ఇప్పుడు కావాల్సొచ్చిందా?"

పిట్ట గబుక్కున ఫోను నొక్కేసరికి మాట అయిపోయింది.

"పాయె," అన్నాడు అన్నయ్య.

అత్త కళ్లు తుడుచుకుని లేచింది. "అమ్మ గొంతంటే ఎలాంటిది! ఒరేయ్, ఆ చిరుత సినిమా పెట్టరా. అది వింటే అమ్మే నోరు విప్పుతుంది."

అది నలుపూ తెలుపూ కాలం నాటి సినిమా. మనుషుల్ని ఎత్తుకుపోయే చిరుతపులి కథ. పెళ్లికి ముందు నానమ్మ స్టూడియోలో డబ్బింగు చెప్పేది. చివర్లో హీరోయిన్ పెట్టే కేక ఆమెదేనని తాతయ్య బతికున్నన్నాళ్లూ వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. కేక దగ్గర శబ్దం పెంచడం, పిల్లలు జడుసుకుంటారని చిరుత వచ్చినప్పుడల్లా తగ్గించడం ఆ ఇంటి అలవాటు.

పిట్టకు మాత్రం చిరుతే ఇష్టం. నానమ్మా తనూ మాత్రమే ఉన్నప్పుడు శబ్దం పెంచుకుని చూసేది. చిరుత ఉత్త బొమ్మ. మెడ దగ్గర కుట్లు కనబడతాయి, తోక చీపురుకట్టలా ఉంటుంది. కానీ గడ్డి కదిలి, తెర నల్లబడి, ఆ గుర్రుమనే చప్పుడు మొదలయ్యేసరికి కుట్లు గుర్తురావు. వీపు మీద చలి పాకుతుంది. బొమ్మ అని తెలిసీ, నానమ్మ చెయ్యి పట్టుకుని భయపడటం ఎంత బాగుంటుందో పిట్టకు ఎవరితోనూ చెప్పడం చేతకాలేదు.

"ఆ అరుపు నిజం చిరుతదేనట," అన్నాడు అన్నయ్య, శబ్దం తగ్గిస్తూ. "బోనులో పెట్టి, తిండి లేకుండా మాడ్చి అరిపించారట."

"పాపం, మూగజీవి," అంది అమ్మ.

నానమ్మ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

తెర మీద హీరోయిన్ వెనక్కి తిరిగింది. అన్నయ్య శబ్దం పెంచాడు. కేకకు కిటికీ అద్దాలు ఝల్లుమన్నాయి.

"అదిగో! అమ్మా, అలాగే, ఒక్కసారి," అంది అత్త.

"అది నాది కాదు," అంది నానమ్మ.

అత్త గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఆ కేక ఆ హీరోయిన్ పిల్లే వేసుకుంది. మీ నాన్న ముచ్చటపడి చెప్పుకుంటుంటే ఊరుకున్నాను."

"అదేంటమ్మా!" అత్త మొహం మాడిపోయింది. "మా అత్తగారి ముందు కూడా ఎన్ని గొప్పలు పోయానో."

"పోతే పోయావులే. ఆవిడ మాత్రం తక్కువ పోయిందా?"

నాన్న అత్తను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "మందుల మత్తు అక్కా. పైగా రేపటి బెంగ. వదిలెయ్."

అన్నయ్య టీవీ ఆపేశాడు. నానమ్మను కాసేపు పడుకోనివ్వండంటూ అమ్మ అందర్నీ వంటగదిలోకి తోలింది.

పిట్ట మాత్రం వెళ్లలేదు. మంచం పక్కకు వచ్చి నెమ్మదిగా అడిగింది.

"మరి నీదేది నానమ్మా?"

నానమ్మ తల తిప్పి చూసింది. "ఇన్నేళ్లలో ఈ మాట అడిగింది నువ్వేనే."

"చెప్పు మరి."

"చెప్తే నవ్వుతారు. మీ తాతయ్యకే చెప్పలేకపోయాను. కొత్త కోడల్ని, ఆ ఇంట్లో నోరెలా వస్తుంది?"

"అంత తప్పు పనా?"

"తప్పేం కాదు. ఆ సినిమాలో నా అంత బాగా చేసినవాళ్లు లేరు." అని, ఆయాసపడి ఆగింది.

పిట్టకు ఏడుపొచ్చింది. "వద్దులే నానమ్మా. నన్నొకసారి పిట్టా అని పిలువు. అదే దాచుకుంటా."

"పుట్టినప్పట్నుంచీ పిలుస్తూనే ఉన్నాను. అది నీ చెవుల్లో ఉంటుంది. ఇది నాతోనే పోతుంది."

నానమ్మ లేచింది. గోడ పట్టుకుని చిన్నగదిలోకి నడిచింది. కిటికీ రెక్కలు మూసింది. ఫోను ఎలా నొక్కాలో అడిగి తెలుసుకుంది. రెండు గుక్కల నీళ్లు తాగి, మెడ చుట్టూ ఉన్న గుడ్డ వదులు చేసుకుంది.

"నువ్వు బయటుండు."

"నేనూ ఉంటా నానమ్మా."

"నువ్వు చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ రోజుల్లోనూ అంతే, దీపం ఆర్పించి, అందర్నీ బయటికి పంపాకే చేసేదాన్ని."

తన చెయ్యి వదలని పిట్ట వేళ్లను ఒక్కొక్కటే విడదీసి, ఆమెను గడప దాటించి, నానమ్మ తలుపు మూసింది.

పిట్ట తలుపుకు చెవి ఆనించింది. తర్వాత ఆ తలుపు వెనక, చీకట్లో, చిరుతపులి మెల్లగా గుర్రుమంది.