పసుపు టిక్కు

మా 1970 నాటి డాడ్జ్ ఛాలెంజర్ కారులో, ఇంజను వెనక రేకు మీద పసుపు క్రేయాన్ టిక్కు ఉండేది. అది తయారైన హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీలో కార్లు తనిఖీ చేసే రోజుల్లో జడ్విగా అమ్మమ్మ పెట్టింది. ఫ్యాక్టరీ నేలమట్టమైంది. ఆ టిక్కు ఉందనే తాత ఈ కారు కొన్నాడు.

వుడ్‌వర్డ్ రోడ్డు మీద కార్ల పండగనాటి ఉదయం, నేను భక్తిశ్రద్ధలతో, సబ్బునీళ్లతో ఆ టిక్కుని కడిగేశాను. ఇంత శుభ్రమైన పాపం మా వంశంలో ఎవరూ చేసి ఉండరు.

“మురికనుకున్నా తాతా.”

“పాత కారుకి మురికే ఆస్తిరా. నీకు డిగ్రీ ఎవడిచ్చాడు?” అంటూ తాత జేబులోంచి పసుపు క్రేయాన్ తీశాడు. “కొన్న వారమే నేనూ కడిగేశా. అప్పట్నుంచీ చెరిగినప్పుడల్లా నేనే గీస్తున్నా. ఇవాళ నడుం వంగట్లేదు, నువ్వు గియ్యి. మీ అమ్మమ్మకి మాత్రం చెప్పకు.”

గీశాను. చెయ్యి కడుక్కున్నా పసుపు పోలేదు.

మధ్యాహ్నం అమ్మమ్మ ఉడికించిన కజ్జికాయల్లాంటి పిరోగీల డబ్బాతో వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని బానెట్ కిందికి తొంగిచూసింది. “నేను పెట్టిన టిక్కే,” అని చుట్టూ ఉన్నవాళ్లకి గర్వంగా చూపించింది.

తర్వాత నన్ను పక్కకి లాగి, మెల్లగా అడిగింది.

“ఈ ఏడు గీత మారిందేంరా? తాత చెయ్యి అంతగా వణుకుతోందా?”