పిలిస్తే పలకల్ల

“ముందుగా ఏం నేర్పమంటావమ్మా? మాటలా, అక్షరాలా?” అని అడిగింది సుచరిత.

“అవన్నీ వద్దు మేడం. పేరు పెట్టి పిలిస్తే పలకల్ల. అంతే,” అంది ఆస్మా.

సుచరిత ఆలూరులో ప్రత్యేక అవసరాల పిల్లలకు పాఠాలు చెప్పే టీచరు. కొత్తగా చేరే ప్రతి పిల్లవాడి తల్లినీ ఈ ప్రశ్న అడుగుతుంది. కొందరు మాటలు రావాలంటారు. కొందరు తన చేత్తో తాను అన్నం తింటే చాలంటారు. ఇలా అడిగిన తల్లి ఇంతవరకూ లేదు.

“అది మొదలే కదమ్మా. ఆ తర్వాత...”

“తర్వాత సంగతి తర్వాత చూద్దాం మేడం. ముందు అది నేర్పండి.”

ఆరేళ్ల తౌఫీక్ తల్లి కొంగు అంచును వేళ్ల మధ్య తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఇద్దరిలో ఎవరినీ చూడలేదు.

ఆ గది దాకా రావడానికే ఆస్మాకు ఏడాది పట్టింది. ఊళ్లో బడికి ప్రహరీ లేదు. ఒకటో తరగతిలో కూర్చోబెట్టిన రోజే తౌఫీక్ చేలల్లోకి పరుగెత్తాడు. “వీణ్ణి పట్టుకోవడం మాతో కాదమ్మా. డాక్టరుతో సర్టిఫికెట్ రాయించుకో. ఇట్లాంటి పిల్లోళ్లకు వేరే టీచర్లుండారు,” అన్నాడు హెడ్మాస్టరు.

సర్టిఫికెట్ కోసం కర్నూలులో క్యాంపుకు వెళ్లారు. మొదటిసారి జనాన్ని చూసి పిల్లవాడు గుక్కపట్టి ఏడిస్తే, వంతు రాకముందే తిరిగొచ్చేశారు. మళ్లీ క్యాంపు పడేసరికి ఎండాకాలం వచ్చింది. ఈసారి ఆస్మా జనం కనబడకుండా వాడి కళ్ల మీదుగా గుడ్డ చుట్టి తీసుకెళ్లింది.

“ఎంతమంది పిల్లలు?” అని అడిగాడు వివరాలు రాసుకునే గుమాస్తా.

“ఇద్దరు సార్.”

“పెద్దోడు చదువుకుంటాండాడా?”

“లేదు సార్. వాళ్ల తాత కాడ ఉండాడు.”

పక్కనే ఉన్న ఆమె భర్త అష్రఫ్ ముఖం తిప్పుకున్నాడు.

డాక్టరు గుడ్డ విప్పించి, చెవులు పరీక్ష చేయించాడు. తర్వాత వెనక నిలబడి “తౌఫీక్!” అని పిలిచాడు. పిల్లవాడు తిరుగుతున్న ఫ్యాన్‌నే చూస్తున్నాడు. గట్టిగా పిలిచాడు. తల తిప్పలేదు.

“చెవులకేం లోపం లేదమ్మా. ఇది ఆటిజం. పిలిస్తే పలకాలని వీడికి తెలియదు, అంతే.”

ఆస్మా బల్ల అంచు పట్టుకుంది. “వినపడతాదా సార్? పిలిచేది వినపడతాదా?”

“బాగా వినబడుతుంది.”

ఏ తల్లయినా సంతోషించే మాట అది. ఆస్మా మాత్రం వరండాలో నేల మీద కూలబడి, బస్సు వేళ దాకా ఏడ్చింది. అష్రఫ్ ఊరుకోబెట్టలేదు. పిల్లవాణ్ణి ఎత్తుకుని పక్కన నిలబడ్డాడు.

సుచరిత బొరుగులతో మొదలుపెట్టింది. పేరు పిలవడం, తల తిప్పితే నాలుగు బొరుగులు చేతిలో వేయడం. ముందు ఎదురుగా నిలబడి. తర్వాత పక్క నుంచి. తర్వాత వెనక నుంచి. తల తిప్పడం వచ్చాక, “ఆఁ” అంటేనే బొరుగులు.

ఇంటి దగ్గర ఆస్మా దాన్ని రోజంతా చేసింది. పిల్లవాణ్ణి గదిలో ఉంచి వీధిలోంచి పిలిచేది. మిద్దె మీది నుంచి పిలిచేది. పత్తి చేని అవతలి గట్టు మీద నిలబడి పిలిచేది. గొంతు బొంగురుపోయినా ఆపేది కాదు.

“పిల్లోడు ఇంట్లోనే ఉండంగా యాడికో పోయినట్ల అరుస్తాదేందప్పా,” అనుకునేవాళ్లు ఇరుగుపొరుగు. ఆమె అత్త గుల్షన్ బీ భర్త పోయినప్పటి నుంచి వీళ్ల దగ్గరే ఉంటోంది. కోడలు గట్టు మీదికి వెళ్లడం చూస్తే చాలు, లోపలికి పోయి తలుపు వేసుకుని, రెండు చేతులతో చెవులు మూసుకునేది.

ఈ సంగతి తెలిసి సుచరితే ఒకసారి అడిగింది. “అంత దూరం నుంచి దేనికమ్మా? దగ్గర్నుంచి పలికితే చాలదా?”

“దగ్గరుంటే పిలిచే పనేముండాది మేడం?”

ఆ తర్వాతి శనివారం సుచరిత వాళ్ల ఇంటికి వెళ్లింది. ఇంటి వెనక ఎండు పత్తి కట్టె వామి ఉంది. తౌఫీక్ దాని చాటున కూర్చుని పుల్లలు విరుస్తున్నాడు. ఆస్మా చేను దాటి గట్టు ఎక్కింది.

“తౌఫీక్!”

జవాబు లేదు.

“ఒరే తౌఫీక్!”

పుల్ల విరిచిన చప్పుడు. తర్వాత అదీ లేదు.

“తౌఫీక్!”

“ఆఁ.”

చిన్న గొంతు. వామి చాటు నుంచే వచ్చింది. చేతిలో బొరుగులు లేవు, ఎదురుగా మనిషి లేదు.

“పలికినాడు! ఆస్మా, పలికినాడు!” సుచరిత చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆస్మా పరుగెత్తి రాలేదు. అక్కడే నిలబడి మళ్లీ పిలిచింది. “ఆఁ.” మళ్లీ పిలిచింది. “ఆఁ.” లోపల తలుపు గడియ తీసిన చప్పుడైంది. గుల్షన్ బీ గడప మీదికి వచ్చి, గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది. ఆమె చేతులు చెవుల మీద లేవు.

సుచరిత చేనుకు అడ్డంపడి గట్టు దగ్గరికి నడిచింది. “ఇంక మాటలు మొదలుపెడదాం. ఇప్పుడన్నా చెప్పమ్మా, దీనికోసమే ఎందుకింత పట్టుబట్టినావు?”

ఆస్మా వామి వైపే చూస్తూ గట్టు దిగింది. తర్వాత నెమ్మదిగా అంది.

“వీళ్లన్న రఫీ కనపడకుండా పోయినప్పుడు, కంప కమ్మిన ఎండు బాయి పక్కనుంచే ఊరంతా వాని పేరు పిలుచుకుంటా తిరిగితిమి మేడం, మేం చెవిటోడనుకున్న నా బిడ్డ, పాణం పోయే దాంకా లోపల కూచోని మా పిలుపు వింటానే ఉన్న్యాడు.”